సుందరీ గ్రీవ చేస్తే మెడలో టక్కుమంటోంది, నొప్పి కూడా ఉంది. డాన్స్ మాన్పించాలా?

ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. పద్నాలుగేళ్ల పాప చిన్నప్పటి నుంచీ కూచిపూడి నేర్చుకుంటోంది. ఈమధ్య గ్రీవాభేదాలు, అంటే మెడ కదలికలు, మూడో కాలంలో, అంటే బాగా వేగంగా చేయిస్తున్నారు. వాటిలో మెడను పక్కకు జరిపే సుందరి చేసినప్పుడల్లా మెడలో టక్కుమని శబ్దం వస్తోంది, కుడివైపు మెడకీ భుజానికీ మధ్య నొప్పి. ఎక్స్‌రే తీయిస్తే రిపోర్టులో ‘లాస్ ఆఫ్ సర్వైకల్ లార్డోసిస్’, అంటే మెడ వంపు తగ్గిందని రాశారు. ఇంట్లో పెద్దవాళ్లేమో నరం పట్టేసిందనీ, మెడ విరిచే మనిషి దగ్గరకు తీసుకెళ్దామనీ అంటున్నారు. ఆమె సందేహాలు రెండు. మెడను అలా పక్కకు జరపడం అసలు శరీరానికి తగిన పనేనా? క్లాసు మాన్పించాలా?

మాన్పించక్కర్లేదమ్మా. మీరు రాసినదాన్ని బట్టి కండరం అలిసిపోయి పట్టేసిన నొప్పిలా ఉంది. ఒక రెండు వారాలు గ్రీవాభేదాలు ఒకటో కాలంలోనే, నొప్పి రానంత మేరకే చేయనివ్వండి. అడుగులు, జతులు, అభినయం మామూలుగా సాగొచ్చు. నొప్పి లేకుండా వచ్చే శబ్దాన్ని పట్టించుకోకండి. మెడ మాత్రం ఎవరి చేతా విరిపించకండి. చేయి తిమ్మిరెక్కడం, వేళ్లలో పట్టు తప్పడం, నడకలో తూలడం లాంటివి ఉంటే మాత్రం నేను చెప్పే వ్యాయామాల జోలికి పోకుండా ముందు డాక్టరుకు చూపించండి. వాటి గురించి కింద రాశాను.

నేను విజయవాడలో ఫిజియోథెరపీ చేస్తాను. డాన్స్ పిల్లలు, వాళ్ల టీచర్లు, కుట్టుమిషన్ మీద పనిచేసేవాళ్లు నా దగ్గరకు ఎక్కువగా వస్తుంటారు. మీ మొదటి సందేహానికి జవాబు మెడ నిర్మాణంలోనే ఉంది, కాబట్టి అక్కణ్నుంచి మొదలుపెడతాను.

మెడలో వెన్నుపూసలు ఏడు. జిరాఫీకీ ఏడే, ఎలుకకీ ఏడే. పాపను తల వంచమని మెడ వెనక, వీపు మొదలయ్యే చోట వేలు పెట్టి చూడండి, బొడిపెలా ఒకటి తగులుతుంది. మామూలుగా అది ఏడో పూస. ఒక వేలు దాని మీద, ఇంకో వేలు దాని పై పూస మీద ఉంచి, పాపను మెల్లగా పైకి చూడమనండి. పైనున్న ఆరో పూస వేలి కింద నుంచి లోపలికి జారిపోతుంది, ఏడోది కదలకుండా ఉంటుంది. మెడలో ఒక్కో పూసది ఒక్కో తీరని ఈ చిన్న పరీక్షతోనే తెలిసిపోతుంది.

అన్నిటికన్నా వేరైనవి పై రెండు పూసలు. పుర్రెకీ మొదటి పూసకీ మధ్య ఉన్న కీలు ‘అవును’ అని తలూపడానికి. మొదటి, రెండో పూసల మధ్య ఉన్న కీలు ‘కాదు’ అని తల అడ్డంగా తిప్పడానికి. మొదటి పూస, అంటే అట్లాస్, మధ్యలో ఖాళీ ఉన్న ఎముక వలయం. మిగతా పూసలకు ముందువైపు ఉండే దిమ్మ దీనికి లేదు. రెండో పూస నుంచి ఒక ఎముక మొన పైకి లేచి ఆ వలయంలోకి దూరి ఉంటుంది. తిరగలిలో కింది రాయికి దిగ్గొట్టిన మేకు చుట్టూ పైరాయి తిరుగుతుంది చూడండి, అచ్చం అలాగే ఆ మొన చుట్టూ అట్లాస్, దానితో పాటు తల తిరుగుతాయి. మొన వెనక్కి జరగకుండా ఒక గట్టి లిగమెంట్, అంటే ఎముకలను పట్టి ఉంచే పట్టీ, అడ్డంగా పట్టి ఉంచుతుంది. దాని వెనకే వెన్నుపాము ఉంటుంది. మనం తల ఒక పక్కకు 80 డిగ్రీల దాకా తిప్పగలిగితే, అందులో సుమారు సగం ఈ ఒక్క కీలు దగ్గరే జరుగుతుంది. ఈ రెండు చోట్లా డిస్క్, అంటే పూసల మధ్య మెత్తలా ఉండేది, ఉండదు. రెండో పూసకీ మూడో పూసకీ మధ్య నుంచే డిస్కులు మొదలవుతాయి.

కింది పూసల సంగతి వేరు. వాటి వెనకవైపు ఉండే జత కీళ్లు ఏటవాలుగా ఉంటాయి. అందుకే కింది మెడ ఉత్తినే పక్కకు వంగలేదు. కుడికి వంగితే దానితో పాటు కొంచెం కుడికి తిరుగుతుంది కూడా. ఆ తిరుగుడును పై రెండు పూసలు సర్దాలి. సుందరి అంతా ఈ సర్దుబాటు మీదే నడుస్తుంది.

అభినయ దర్పణంలో చెప్పిన నాలుగు గ్రీవాభేదాలు పాపకు నోటికొచ్చే ఉంటాయి: సుందరి, తిరశ్చీన, పరివర్తిత, ప్రకంపిత. సుందరిలో తల వంగకుండా, తిరగకుండా పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. లోపల జరిగేది మాత్రం ఇంకోటి. తల కుడికి వెళ్లేటప్పుడు కింది పూసలు కుడివైపు వంగుతాయి. అదే క్షణంలో పై పూసలు ఎడమవైపు వంగి తలను నిటారుగా నిలబెడతాయి. కింది మెడ వంగడం వల్ల వచ్చిన కుడి తిరుగుడును అట్లాస్ దగ్గరి కీలు ఎడమకు తిరిగి సరిచేస్తుంది, అందుకే ముఖం మీవైపే ఉంటుంది. ఎడమకు వెళ్లేటప్పుడు ఇదంతా తారుమారు. అంటే ఏ పూసా తన స్థానం తప్పి పక్కకు జారిపోదు. చిన్న చిన్న వంపులు ఒకదానికొకటి ఎదురై, చూసేవాళ్లకు నేరుగా జరిగినట్టు కనిపిస్తాయంతే. ఇందులో ప్రతి కీలూ తనకున్న సహజమైన పరిధిలోనే కదులుతుంది. కాబట్టి అవును, శరీరానికి తగిన పనే.

ప్రకంపిత ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఆడపావురం మెడలా ముందుకీ వెనక్కీ కదలాలని దీని లక్షణం. గడ్డం ముందుకు వెళ్లినప్పుడు కింది మెడ ముందుకు వంగి, పై మెడ వెనక్కి వంగుతుంది. గడ్డం వెనక్కి వచ్చినప్పుడు కింది మెడ వెనక్కీ, పై మెడ ముందుకూ వంగుతాయి. రోజంతా ఫోనూ కంప్యూటరూ చూసి మెడనొప్పితో వచ్చేవాళ్లకు నేను ఇచ్చే మొదటి వ్యాయామం ప్రకంపితలో వెనక్కొచ్చే ఆ సగమే. మెడ ముందువైపు లోతుగా, పూసలను అంటిపెట్టుకుని ఉండే సన్నని కండరాలు దానితోనే బలపడతాయి. తిరశ్చీన, పరివర్తితల్లోనూ ఇవే కీళ్లు పనిచేస్తాయి, దారులే మారతాయి. పరివర్తితలో తల అర్ధచంద్రాకారంగా తిరగాలి కాబట్టి కండరాల మీద భారం కొంచెం ఎక్కువ పడుతుంది.

మరి నొప్పి ఎందుకొచ్చింది? చాలామంది పిల్లల విషయంలో కారణం మెడలో కన్నా భుజంలో కనిపిస్తుంది. మెడ పై నాలుగు పూసల పక్కల నుంచి బయల్దేరి రెక్క ఎముక పై మూలకు అతుక్కునే కండరం ఒకటుంది, లెవేటర్ స్కాపులే అంటారు. భుజాన్ని పైకెత్తే కండరాల్లో అదొకటి. మీరు చెప్పిన ‘మెడకీ భుజానికీ మధ్య’ సరిగ్గా దాని చోటు. సుందరిలో తల ఎడమకు జరుగుతున్నప్పుడు కుడివైపు కండరం వదులై సాగాలి. అదే సమయంలో పాప తెలియకుండా కుడి భుజం బిగించి పైకెత్తితే, సాగాల్సిన కండరం ముడుచుకుంటుంది. ఒకటో కాలంలో ఇది తెలియదు. మూడో కాలంలో ఆ పెనుగులాట మీద పెనుగులాట పడి సాయంత్రానికి పట్టేస్తుంది.

వేగం గురించి ఇంకో మాట. పెద్దవాళ్ల తల బరువు నాలుగున్నర నుంచి ఐదు కేజీలు. పద్నాలుగేళ్లకు తల దాదాపు అంతే ఉంటుంది, మెడ కండరాలు మాత్రం ఇంకా సన్నగానే ఉంటాయి. ఆ బరువును కదిలించడం తేలికే. చివరిదాకా వెళ్లిన తలను ఆపి వెనక్కి మళ్లించేటప్పుడే కండరం ఎక్కువ కష్టపడుతుంది. కాలం పెరిగేకొద్దీ ఆ ఆపడం పెరుగుతుంది. అందుకే నేను టీచర్లను అడిగేది ఒకటే. కాలం పెంచినప్పుడు కదలిక దూరం తగ్గించండి. ప్రేక్షకులకు కనిపించాల్సింది లయ, స్పష్టత. చెవి భుజాన్ని తాకేంత జరగక్కర్లేదు.

క్లాసులు ఆన్‌లైన్‌లో అయితే స్క్రీన్ ఎక్కడుందో చూడండి. అమెరికాలో ఉండే ఒక పాప సెలవులకు వచ్చినప్పుడు ఇలాంటి నొప్పితోనే నా దగ్గరకు వచ్చింది. ఎలా ప్రాక్టీస్ చేస్తావో చూపించమ్మా అంటే ల్యాప్‌టాప్‌ను పొట్టి టీపాయ్ మీద పెట్టి, టీచర్ని చూడటానికి గడ్డం ముందుకు చాచి నిలబడింది. గడ్డం ముందుకు చాచినప్పుడు పై మెడ అప్పటికే వెనక్కి వంగి ఉంటుందని పైన చెప్పాను కదా. ఇక పక్కకు సర్దుకోవడానికి దానికి జాగా ఉండదు. ఆ పని కూడా కింది పూసల మీద, భుజాల మీద పడుతుంది. ల్యాప్‌టాప్‌ను కళ్లెత్తుకు పెట్టించాం, గడ్డం వెనక్కి తెచ్చుకుని మొదలుపెట్టడం నేర్పాం. సెలవులు అయ్యేలోపే నొప్పి పోయింది. మందు రాయించే అవసరం రాలేదు.

ప్రదర్శన దగ్గరపడితే తలసామాను సంగతి కూడా ఆలోచించాలి. సవరం, జడ, జడకుచ్చులు, పూలు అన్నీ తలను వెనక్కి లాగుతాయి. ఉత్త తలతో అలవాటైన మెడ ఆ రోజు వేరే బరువు మోయాలి. భామాకలాపంలో సత్యభామ జడ ఎంత ముఖ్యమో తెలిసిందే, దాన్ని తిప్పుతూ ఆడాలంటే ఇంకానూ. అన్నీ పెట్టుకుని కనీసం రెండు మూడు రిహార్సళ్లు చేయించండి. తరంగంలో తల మీద చెంబు పెట్టుకుని పళ్లెం మీద ఆడే పిల్లలకు మెడ నొప్పి తక్కువగా రావడం గమనించాను. ఆ చెంబు కదలకూడదు కాబట్టి వాళ్లు భుజాలు దించి, గడ్డం వెనక్కి పెట్టి, నిటారుగా నిలబడటం ముందే నేర్చుకుని ఉంటారు.

ఇక ఆ శబ్దం. కీళ్లలో జిగురు లాంటి ద్రవం ఉంటుంది. కీలు ఒక్కసారిగా విడివడినప్పుడు ఒత్తిడి తగ్గి అందులో గ్యాస్ బుడగ ఏర్పడుతుంది, టక్కుమంటుంది. 2015లో కెనడాలోని అల్బర్టా యూనివర్సిటీ పరిశోధకులు వేళ్ల మెటికలు విరుస్తుండగా ఎమ్మారై తీసి దీన్ని చూపించారు. కొన్నిసార్లు కండరం చివర ఎముక అంచు మీదుగా జారినా శబ్దం వస్తుంది. ఎముకలు రాసుకుని అరిగిపోతున్నాయని పాపను భయపెట్టకండి. భయపడ్డ పిల్లలు మెడ ఇంకా బిగించేస్తారు. అయితే ప్రతి శబ్దంతో పాటు పోటు వస్తుంటే దాన్ని పరీక్షించాల్సిందే.

ఎక్స్‌రే రిపోర్టులోని మాటకు అర్థం, పక్క నుంచి చూస్తే మెడకు ఉండే ముందువైపు వంపు ఆ ఫిల్మ్‌లో తక్కువగా కనిపించిందని. ఫిల్మ్ తీసేటప్పుడు గడ్డం కాస్త దించినా వంపు పోతుంది, కండరం పట్టేసినా పోతుంది, ఏ నొప్పీ లేని పిల్లల్లో కూడా మెడ తిన్నగా కనిపిస్తుంటుంది. ఆ ఒక్క లైనును బట్టి జబ్బు పేరు పెట్టలేం. పెద్దవాళ్ల సంగతి చెబుతాను. జపాన్‌లో మెడ సమస్య ఏదీ లేని 1211 మందికి ఎమ్మారై తీసి 2015లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లలో 87.6 శాతం మందికి మెడ డిస్కుల్లో ఉబ్బు కనిపించింది. వాళ్లెవరూ నొప్పితో బాధపడుతున్నవాళ్లు కాదు. ఫిల్మ్‌లో కనిపించేదీ, మనిషి పడే బాధా ఒకదానికొకటి సరిపోయినప్పుడే దానికి విలువ.

నరం నొక్కుకుందా లేదా అన్నది ఫిల్మ్ కన్నా చేయి బాగా చెబుతుంది. మెడ నుంచి ఎనిమిది జతల నరాలు వస్తాయి, కింది నాలుగూ ప్రధానంగా చేతుల్లోకే వెళ్తాయి. ఆరో నరం నొక్కుకుంటే బొటనవేలి వైపు, ఏడోదైతే మధ్యవేలు, ఎనిమిదోదైతే చిటికెనవేలు తిమ్మిరెక్కుతాయి. ఒక డాన్స్ టీచర్ ఇలాగే భుజం నొప్పి అంటూ వచ్చారు. అడిగితే బొటనవేలు మొద్దుబారిందనీ, తాళం వేసే కర్ర పట్టు దొరకడం లేదనీ అన్నారు. అది వేరే కథ. న్యూరో డాక్టర్ దగ్గరకు పంపాను, ఐదారు పూసల మధ్య డిస్క్ సమస్య బయటపడింది. మందులు, వ్యాయామంతోనే నెలల్లో కోలుకున్నారు, ఆపరేషన్ దాకా రాలేదు. మీ పాపకు నొప్పి మోచేయి దాటి కిందికి దిగడం లేదంటే నరం మీద అనుమానం చాలావరకు తగ్గినట్టే.

మెడ విరిపించడం ఎందుకు వద్దంటున్నానో చెప్పాలి. మెదడు వెనక భాగానికి రక్తం తీసుకెళ్లే రెండు ధమనులు మెడ పూసల పక్కల్లో ఉన్న రంధ్రాల గుండానే పైకి వెళ్తాయి. సాధారణంగా ఆరో పూస దగ్గర లోపలికి దూరి, అట్లాస్ దాకా ఎక్కి, దాని వెనక వంపు తిరిగి పుర్రెలోకి పోతాయి. తల ఒక్కసారిగా తిప్పి కుదిపితే ఆ వంపు దగ్గరే సాగుడు ఎక్కువ. ధమని లోపలి పొర చిరిగితే రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. ఇది అరుదు, కానీ జరిగితే నష్టం పెద్దది. 2022లో హైదరాబాద్‌లో ఒక మహిళకు బ్యూటీ పార్లర్‌లో మెడ వెనక్కి వంచి జుట్టు కడుగుతుండగా స్ట్రోక్ వచ్చిన సంగతి పత్రికల్లో చదివే ఉంటారు. పార్లర్ కడుగుడు వల్ల ఇలా జరగొచ్చని వైద్యులు 1990ల నుంచే రాస్తున్నారు. అలాగే ఊపిరికి ఆధారమైన డయాఫ్రంకు వెళ్లే నరం కూడా మెడలో మూడు, నాలుగు, ఐదు పూసల దగ్గరి నుంచే వస్తుంది. సెలూన్‌లో కటింగ్ అయ్యాక తల పట్టుకుని టక్కున తిప్పే అలవాటు మీ ఇంట్లో మగవాళ్లకు ఉంటే వాళ్లకూ చెప్పండి. పెద్దవాళ్లు ప్రేమతోనే అంటున్నారు, కొబ్బరినూనె గోరువెచ్చగా రాసి భుజం మీద నెమ్మదిగా మర్దన చేయమనండి, అది మంచిదే.

ఏమాత్రం ఆలస్యం చేయకుండా చూపించాల్సినవి: పడిపోవడం, బండి ప్రమాదం తర్వాత వచ్చిన మెడనొప్పి, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి నిద్రపట్టనివ్వని నొప్పి. చేతులు మొద్దుబారి బొత్తాలు పెట్టుకోలేకపోవడం, నడుస్తుంటే కాళ్లు తడబడటం, మూత్రం మీద అదుపు తప్పడం ఉంటే వెన్నుపాము మీద ఒత్తిడి పడుతున్నట్టు అనుమానించాలి. ఎప్పుడూ లేనంత మెడనొప్పితో పాటు కళ్లు తిరగడం, రెండుగా కనిపించడం, మాట తడబడటం, మింగలేకపోవడం వస్తే నేరుగా ఆసుపత్రికే. ఇంకో విషయం, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో అట్లాస్ దగ్గరి ఆ లిగమెంట్ వదులుగా ఉండే అవకాశముంది. అలాంటి పిల్లలకు డాన్స్ నేర్పాలంటే ముందు డాక్టరుకు చూపించి మొదలుపెట్టాలి, గ్రీవాభేదాలైతే మరీ.

ఇంట్లో చేయాల్సినవి. రోజూ పది పదిహేను నిమిషాలు నొప్పి ఉన్న చోట వేడి కాపడం. తర్వాత గోడకు వీపు ఆనించి నిలబడి, చూపు నేరుగా ఉంచి, గడ్డాన్ని నేరుగా వెనక్కి తేవాలి, తల పైకెత్తకూడదు. ఐదు సెకన్లు ఉంచి వదలడం, పదిసార్లు. అరచేయి చెంప పక్కన పెట్టి, తల కదలకుండా చేతిని కొంచెం బలంతో నెట్టడం, రెండువైపులా. రెక్క ఎముకలు రెండూ వెనక్కి, కిందికి దగ్గరకు తేవడం. నొప్పి కుడివైపు కాబట్టి ముఖం ఎడమకు తిప్పి, ఎడమ చంక వైపు చూస్తున్నట్టు తల దించి, కుడి మెడ హాయిగా సాగేంతవరకు ఇరవై సెకన్లు ఆగడం. ఇందులో ఏది చేసినా నొప్పి పెరిగితే అది ఆపేయండి. తలగడ ఒకటి చాలు, పక్కకు పడుకుంటే చెవికీ భుజానికీ మధ్య ఖాళీ నిండేంత ఎత్తు ఉండాలి. మెడ బెల్టు కొనకండి. రోజుల తరబడి పెడితే కండరాలు బలహీనపడతాయి.

సుందరి తిరిగి మొదలుపెట్టేటప్పుడు అదే గోడ దగ్గర, అద్దానికి ఎదురుగా చేయించండి. రెక్కలు రెండూ గోడను వదలకూడదు. అప్పుడు భుజం ఎత్తడం కుదరదు, మెడ ఒక్కటే పనిచేయడం నేర్చుకుంటుంది. ఒకటో కాలంలో నొప్పి లేకుండా వరసగా కొన్ని రోజులు గడిస్తే రెండో కాలం, అది కూడా అలాగే సాగితే మూడోది. గురువుగారికి ముందే చెప్పండి. నొప్పి దాచిపెట్టి ఆడే పిల్లలు చాలామంది ఉంటారు, టీచర్‌కు తెలిస్తే ఆవిడే కాలం తగ్గిస్తారు.

మూడు వారాలకీ తగ్గకపోతే దగ్గర్లో ఫిజియోథెరపిస్టుకు చూపించండి. వెళ్లేటప్పుడు ఎక్స్‌రేతో పాటు పాప సుందరి చేస్తుండగా వెనక నుంచి తీసిన అర నిమిషం వీడియో పట్టుకెళ్లండి. భుజాలు, రెక్కలు కనిపించేలా జుట్టు ముడివేసి, మొదటి కాలంలో ఒకసారి, మూడో కాలంలో ఒకసారి తీయండి. మాకు ఎక్స్‌రే కన్నా అదే ఎక్కువ ఉపయోగపడుతుంది.